చివర ఆగిన డబ్బా

నా చిన్నప్పుడు తిన్న దెబ్బల్లో ఒక్కటి మాత్రం ఇప్పటికీ మండుతుంది. ఉప్పల్ బడిలో తొమ్మిదో తరగతి. లెక్కల సారు దారానికి రాయి కట్టి ఊపుతూ, అది ఊపు చివరకు పోయి క్షణం ఆగినప్పుడు దాని మీద ఏ బలమూ ఉండదన్నాడు. మరి వెనక్కి ఎందుకొస్తుంది సార్ అని అడిగాను. బెత్తంతో వేళ్ళ మీద కొట్టి, పై చదువుకు పనికొచ్చే కాంపోజిట్ లెక్కల జాబితాలోంచి నా పేరు తీసి, తేలికైన జనరల్ లెక్కల్లో రాశాడు. ఆడపిల్లకు అవి చాలట! అవి చదివితే కాలేజీలో లెక్కల గ్రూపు ఇవ్వరు.

పళ్ళు కొరుకుతూ ఇంటికొచ్చాను. పక్కింటి అక్క నాచారంలో మందుల ఫ్యాక్టరీలో సీసాలు ప్యాక్ చేసేది. సంగతి విని ఆమె ముఖం ఎర్రబడింది.

"నన్ను గూడ గిట్లనే రాసిండు. నేను నోరు మూసుకున్న" అంది.

ఖాళీ డబ్బా అడుగున మేకుతో బెజ్జం చేసి, ముగ్గుపిండి నింపి, దూలానికి వేలాడదీసింది. కింద నల్ల దుప్పటి పరిచింది. డబ్బాను పక్కకు జరిపి పట్టుకోమంది. ఎంత దూరం జరిపితే అంత గట్టిగా నడిమికి లాగుతోంది. వదిలితే నడిమిలో పరుగు, చివరల్లో నెమ్మది. అందుకే పిండి చివరల్లో కుప్పగా, మధ్యలో పలచగా పడింది. డబ్బా అటూ ఇటూ ఊగుతుంటే దుప్పటిని అడ్డంగా గుంజమంది. నేను విసురుగా గుంజాను, గీత పాడైంది.

"కోపం చేతుల పెట్టకు బిడ్డా. ఒక్క తీరుగ గుంజు."

అలాగే జరిపితే దుప్పటి మీద తెల్లటి అల పరుచుకుంది. పుస్తకంలో నన్ను భయపెట్టిన సైన్ అల అదే.

మర్నాడు అక్క ఒక పూట కూలి పోగొట్టుకుని డబ్బాతో బడికొచ్చింది. కిటికీ కమ్మీకి కట్టి, పక్కకు జరిపి, "జర పట్టుకోన్రి సార్. ఆగే ఉన్నది గద, లాగుతలేదా?" అంది. తరగతంతా చూస్తోంది.

"లాగుతుంది" అన్నాడు సారు, నేల చూస్తూ. నా పేరు మళ్ళీ రాశాడు. తప్పయిందని మాత్రం అనలేదు. అక్క బస్సెక్కి సీసాల దగ్గరకు వెళ్ళిపోయింది. ఆమె పేరు ఎవరూ తిరిగి రాయలేదు.

నేను లెక్కల టీచరునై రిటైరయ్యాను. ఆ సారు మీద కోపం పోలేదు, పోనివ్వను కూడా. కానీ తరగతిలో కదలక మెదలక కూర్చున్న ఏ పిల్లనూ, దీనికేం ఆశ లేదని నేను అనుకోలేదు. ఆగినచోటే లాగుడు ఎక్కువని నా చేతికి తెలుసు.