బండి మీద నుంచి పడలేదు

నేను అన్నం తినిపిస్తుంటే మా చిన్నోడు సందీప్ ఎడమ భుజం నొప్పన్న రోజే నాకు ఏదో తేడాగా అనిపించింది. వాడు కోదాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ ముందు రోజే స్నేహితుడి బండి మీద నుంచి పడ్డాడని కాలేజీ వాళ్లు అక్కడి ఆసుపత్రిలో చూపించి, కుడి చేతికి కట్టు కట్టించి, మిర్యాలగూడకు బస్సెక్కించారు. కట్టు కుడి చేతికి, నొప్పి ఎడమ భుజంలో. ముఖం పాలిపోయింది. లేవబోయి కూలబడ్డాడు.

ఇక్కడి ఆసుపత్రిలో కడుపుకు అల్ట్రాసౌండ్ చేయగానే సూర్యాపేటకు పరుగెత్తమన్నారు. అక్కడి డాక్టరమ్మ చొక్కా పైకెత్తి చూసింది. "బండి మీదికెల్లి పడితే వీపు మీద గిట్ల వాతలు పడయమ్మా. ఎవరు కొట్టిన్రు?" అని అడిగింది. వాడు నా వైపు చూసి ఏడ్చేశాడు, ఏడుస్తూనే జరిగింది చెప్పాడు.

జెండా గద్దె ఎక్కడ కట్టాలనే దాని మీద రెండు విద్యార్థి గుంపులు కాలేజీ గేటు దగ్గర కొట్టుకున్నాయట. ఇనుప రాడ్లు, హాకీ కర్రలు హాస్టల్ గదుల్లోనే దాచుకున్నారట. క్యాంటీన్ నుంచి వస్తున్న మావాణ్ణి అవతలి గుంపువాడనుకొని చితకబాదారు. ఆసుపత్రికి తీసుకెళ్లిన సారే దారిలో బండి కథ నేర్పాడు. పోలీసు కేసయితే కాలేజీ పరువూ, నీ చదువూ రెండూ పోతాయన్నాడట. అందుకే అక్కడి డాక్టరు చెయ్యి చూశాడు గానీ కడుపు చూడలేదు.

సీటీ స్కాన్‌లో కడుపులో ఎడమ పక్కనుండే స్ప్లీన్ పగిలిందని, లోపల బ్లీడింగ్ అవుతోందని, భుజం నొప్పి కూడా దానివల్లేనని తేలింది. ఆపరేషన్ చేసి స్ప్లీన్ తీసేశారు. ఐసీయూ నుంచి వార్డుకు వచ్చాక ఇన్‌ఫెక్షన్, మళ్లీ జ్వరం. నేను తడిగుడ్డ వేస్తుంటే కాలేజీ పెద్దమనిషి ఒకాయన పండ్లు పట్టుకొని వచ్చాడు. కొట్టినవాళ్లూ పిల్లలే కదా, రాజీ పడదామన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నా కొడుకు పిల్లగాడు కాడా సార్?" అని అడిగి, పండ్లు ఆయన చేతికే ఇచ్చేశాను.

ఇప్పుడు సందీప్ హాస్టల్ మానేసి ఇంటి నుంచే బస్సులో వెళ్లివస్తున్నాడు. స్ప్లీన్ లేనివాళ్లకు ఇన్‌ఫెక్షన్లు తొందరగా ముదురుతాయట, అందుకే టీకాలు వేయించాం. ఒళ్లు కాస్త వెచ్చబడినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. మేం పెట్టిన పోలీసు కేసు నడుస్తోంది. కొట్టినవాళ్లు ఇంకా ఆ గేటు దగ్గరే నిలబడుతున్నారు. రాడ్ల కోసం హాస్టల్ గదులు వెతికారా అని కాలేజీ వాళ్లను అడిగితే కమిటీ వేశామంటారు. నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా.

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. దెబ్బ ఎలా తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలని, వెంట వచ్చినవాళ్లు ఎవరైనా సరే భయపడొద్దని పిల్లలకు ఇప్పుడే నేర్పండి. మొన్న చెకప్‌లో కొత్త డాక్టరు ఏమైందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మావాడు చెప్పాడు.

"రాడ్లతోని కొట్టిన్రు సార్. మా కాలేజీల."