మరియమ్మగారి కాలికి కట్టిన మానికెడు గింజలు

1981లో నేను అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేవాణ్ణి. ఆ రోజుల్లో కోనసీమలో ఈ మాట తెలిసినవాళ్లు తక్కువ. జబ్బు వల్లో ఆపరేషన్ వల్లో బలం పోయిన కండరాలకు వ్యాయామంతో మళ్లీ బలం తెప్పించడం మా పని. పెద్ద డాక్టరుగారికి ఈ సంగతి తెలుసు. తెలిసీ రోగులకు నన్ను "మా మాలీషు ఆయన" అనే పరిచయం చేసేవారు. నాకిచ్చిన గది జనరేటరు పక్కన. బరువులు కొనమని మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి పాత ఖాకీ గుడ్డతో నేనే సంచులు కుట్టుకుని ఇసుక నింపుకున్నాను.

మరియమ్మగారిని ఆ ఏడు వానలు తగ్గాక తీసుకొచ్చారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. టైఫాయిడ్‌తో నెలన్నర మంచం మీద ఉంది. జ్వరం పోయింది గాని లేచి నిలబడలేకపోతోంది. కొడుకు ప్రకాశరావుగారు హైస్కూలు హెడ్మాస్టరు, కోడలూ టీచరే. రిక్షా దిగాక తల్లిని ఆయన చేతుల మీద ఎత్తుకుని లోపలికి తెచ్చారు. అది నేను మరిచిపోలేదు. తరువాత ఆయన నన్నన్న మాటలూ మరిచిపోలేదు.

టేపుతో ఆవిడ తొడలు కొలిచాను. తొడ ముందుభాగంలో ఉండే పెద్ద కండరాన్ని క్వాడ్రిసెప్స్ అంటాం. కూర్చున్న మనిషిని లేపి నిలబెట్టేది అదే. వయసు వచ్చినవాళ్లు మంచం పట్టారంటే అది వారం వారం కరిగిపోతుంది. ఎంత మంచి తిండి పెట్టినా ఉత్త తిండికి తిరిగి రాదు. బరువు మీద పని చేయిస్తే మాత్రం ఏ వయసులోనైనా కొంత వస్తుంది.

మీకేం కావాలి మామ్మగారూ అని అడిగాను. కొడుకు బయటికి వెళ్లేదాకా ఆగి చెప్పింది.

"దొడ్లోకి నా అంతట నేను వెళ్లాలండి. కోడలుపిల్ల బడికెళ్లే ముందు పట్టుకుని తీసుకెళ్తందండి. పాపం, ఏమీ అనదు. అనదు గనకే నాకు సిగ్గండి."

వారానికి మూడుసార్లు సైకిలు మీద వాళ్ల ఊరు వెళ్లేవాణ్ణి. ఇసుక సంచి కాలికి చల్లగా తగులుతోంది, ఇసుక తీసేసి గింజలు పొయ్యమంది ఆవిడ. మానికెడు, అంటే ఇంచుమించు కిలో ధాన్యం పోసి చీలమండకు కట్టాను. కుర్చీలో కూర్చుని కాలు చాచాలి, అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా నిలపాలి, మెల్లిగా దించాలి. అలా పదిసార్లు చేస్తే ఒక సెట్టు. వారం వారం బరువు పెంచుకుంటూ పోతాం, దాన్ని ప్రోగ్రెసివ్ రెసిస్టెన్స్ అంటారు. రెండోవారానికల్లా ఆవిడ నన్ను వేళాకోళం చెయ్యడం మొదలుపెట్టింది.

"ఇయి మానికెడు లేవండి బాబుగారూ. తవ్వెడు మీరు దాచేసుకున్నారేమో చూసుకోండి."

కొలిచి చూస్తే ఆవిడ మాటే నిజం, తవ్వెడు, అంటే సగం మానిక తక్కువుంది. సంచి కుట్టు ఊడి దారిలో కారిపోయాయి.

నాలుగోవారం బరువు అడ్డెడుకు, అంటే రెండు మానికలకు పెరిగింది. అయిదోవారం ఒక ఉదయం కుర్చీ పట్టుకోకుండా లేచి నిలబడింది. గోడ పట్టుకుని దొడ్లోకి ఒక్కతే వెళ్లి వచ్చింది. వచ్చి కూర్చుంది. తరువాత నేనేదో అడిగినట్టు, "ఆయ్, వెళ్లేనండి" అంది.

ఆ శనివారం నేను తప్పు చేశాను. బరువు పట్టుకుని నడవడం నేర్పాలని కుంచెడు ధాన్యం, అంటే నాలుగు మానికలు, మూట కట్టి వీధి వరండాలోకి తీసుకొచ్చాను. లోపలి గదుల్లో పది అడుగులు పడవు. మూట చంకన పెట్టుకోమన్నాను. రెండడుగులు వేసి, కుదరలేదని ఆవిడే దాన్ని తలమీదికి ఎత్తుకుంది. ఎత్తుకోగానే నడుం నిటారుగా నిలబడింది. అడుగు తడబడలేదు. ఆ నడక చూసిన సంతోషంలో నేను వద్దనలేదు. సరిగ్గా అప్పుడే ఒంటిపూట బడి అయిపోయి, ఇద్దరు మాస్టార్లతో ప్రకాశరావుగారు గేటు తీశారు. వాళ్లలో ఒకాయన నవ్వాడు.

"ఏమండీ హెడ్మాస్టారూ, అమ్మగారు మళ్లీ కోతలకి బయల్దేరేరా?"

ప్రకాశరావుగారు మూట దించి, తల్లిని లోపల కూర్చోబెట్టి, తిరిగి వచ్చారు. గొంతు పెంచలేదు.

"మా అమ్మ ముప్పయ్యేళ్లు మీలాంటివాళ్ల చేలల్లో వరి పనలు మోసిందండి. ఆవిడ తలమీంచి ఆ బరువు దించడానికే నేను చదువుకున్నాను. మీరు తెల్లకోటేసుకొచ్చి మళ్లీ ఎత్తేరు."

ఇది వైద్యమన్నాను. కండరం, బరువు, సెట్టు అంటూ ఏదేదో చెప్పాను. మాకు చేలున్న మాట నిజమే, వాటిలో ఎవరు మోశారో నేనెప్పుడూ అడగని మాటా నిజమే. కానీ ఆ ఇద్దరి ముందు నన్నలా అనడం అన్యాయం. ఇన్నేళ్లయినా నేను ఒప్పుకోను. మరియమ్మగారు గుమ్మంలోకి వచ్చి, "నేనే ఎత్తుకున్నానురా, బాబుగారు కాదు" అంది. "నువ్వు కూర్చోమ్మా" అన్నారాయన. ఆవిడ కూర్చుంది.

సోమవారం ఆయన ఆసుపత్రికి వచ్చి ఫిర్యాదు చేశారు. ముసలావిడ చేత మూటలు మోయించమని నీకెవరు చెప్పారని పెద్ద డాక్టరుగారు నన్ను వరసలో కూర్చున్న రోగులందరి ముందూ అడిగారు. తొడ కొలతల కాగితం చూపించాను. చూడలేదు. చీటీ మీద కంప్లీట్ రెస్ట్ అని రాసిచ్చారు. ఆ మాట చదవగానే ప్రకాశరావుగారి మొహం తేటపడింది. తల్లికి ఇవ్వదగ్గ మందుల్లో అంతకన్నా గొప్పది ఆయనకు తెలియదు.

నాలుగైదు నెలల తరువాత, వేసవి మొదట్లో, వీపున పుండ్లు పడ్డాయని తీసుకొచ్చారు. మోకాళ్లు వంగినవి వంగినట్టే బిగుసుకుపోయాయి. దాన్ని కాంట్రాక్చర్ అంటాం. ఎవరూ పిలవకపోయినా రోజూ వార్డుకు వెళ్లి, కాపడం పెట్టి, సాగదీసి చూశాను. సాగలేదు. ప్రకాశరావుగారు సెలవు పెట్టి పక్కనే ఉన్నారు. బెడ్‌పాన్ ఆయనే పెట్టేవారు. అలా పెట్టినప్పుడల్లా మరియమ్మగారు గోడవైపు మొహం తిప్పుకునేది.

ఒకరోజు ఆసుపత్రి వరండాలో ప్రకాశరావుగారు నన్ను ఆపారు. "అప్పుడు నేను ఆపకపోతే నడిచేదాండీ?"

నడిచేదన్నాను. మెత్తగా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు, కావాలనే. ఆయన తల ఊపి లోపలికి వెళ్లారు. ఆసుపత్రికి తెచ్చిన తొమ్మిదో రోజున ఆవిడ పోయింది.

బరువు కట్టే ముందు ఇంటివాళ్లను కూర్చోబెట్టి, ఆ బరువు వాళ్లకు ఏం గుర్తుచేస్తుందో అడగాలని ఈ కేసు నాకు నేర్పింది. ఆ తరువాత ప్రతి ఇంట్లోనూ అడిగాను. పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఈ వయసులో మా అమ్మ చేత మోయిస్తామా, కూర్చోబెట్టి చూసుకుంటాం అన్నవాళ్లే ఎక్కువ. చూసుకున్నారు కూడా, ఏ లోటూ లేకుండా. ఆ తల్లులెవరూ మళ్లీ లేవలేదు.

మరియమ్మగారి కేస్‌షీటులో మరణకారణం దగ్గర డాక్టరుగారు వార్ధక్యం అని రాశారు. కొట్టెయ్యమని అడిగాను. నవ్వి, కాగితం ఫైల్లో పెట్టేశారు. ఆ మాట అబద్ధం. అయిదు వారాలకు ఆవిడ లేచి నిలబడింది. నేను చూశాను.