ఎర్ర గచ్చులో గుంత

ఆ రోజుల్లో నాలాంటి కుర్ర ఓనర్లకు ఒక గట్టి నమ్మకం ఉండేది: ఇల్లు కట్టడమే కష్టం, అద్దెకివ్వడమంటే కాలుమీద కాలేసుకుని కూర్చోవడమేనని. డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి నాకా నమ్మకం కాస్త ఎక్కువ. పట్టాభిరామ్‌లో ఒక గదిలో అద్దెకుంటూ (అక్కడ క్యాలెండరుకు మేకు కొట్టాలన్నా ఇంటామె ఒప్పుకునేది కాదు) మణవాళనగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టించాను. అందులో నువ్వే ఉండొచ్చు కదా అన్నవాళ్లను చూసి జాలిపడ్డాను. సొంతింట్లో ఉంటే ఓనరని ఎవరు పిలుస్తారు? ముందుగదిలో ఎర్ర గచ్చు చేయించాను. ముఖం చూసుకోవచ్చు. చూసుకున్నాను కూడా.

మొదట చేరింది అత్తిమంజేరిపేట పొడుగు మామ, మాకు దూరపు చుట్టం. కూతురికి తిరువళ్ళూరులో టీచర్ ట్రైనింగు సీటొచ్చింది. తెలివిగల ఓనరులా సామాన్లేమిటని అడిగాను. "ఏముండాయి అల్లుడూ, నాలుగు బిందెలు, ఒక ట్రంకుపెట్టె, కొన్ని కొయ్యలు" అన్నాడు. తిరుత్తణి నేతగాడి కొడుకును, మగ్గం చప్పుడులో అక్షరాలు దిద్దినవాణ్ణి, ఏం కొయ్యలని అడగలేదు.

నెల తర్వాత వెళ్లేసరికి నా ఎర్ర గచ్చు నడిమధ్య గుంత. అందులో కాళ్లు దించుకుని, ఆ కొయ్యలతో బిగించిన మగ్గం మీద మామ లుంగీ నేస్తున్నాడు. (మనిషి పొడుగు కావడంతో గుంత కూడా ఉదారంగానే తవ్వాడు.)

"ఎవర్నడిగి తవ్వినావు మామా?"

"గుంత లేకుంటే కాళ్లు యాడ పెట్టేది అల్లుడూ?"

అక్కడ పట్టాభిరామ్‌లో నాకు మేకుకు దిక్కులేదు! వెంటనే ఖాళీ చెయ్యమన్నాను.

"కండిప్పా, తప్పకుండా చేస్తా. ఈ పడుగు అయిపోనీ. సగంలో కోసేదానికి మనసొస్తుందా, నువ్వే చెప్పు."

పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గం మీదుండగా నేసేవాణ్ణి లేపడం మావాళ్లలో లేదు. సరే అన్నాను. ఓనరన్నాక ఔదార్యం ఉండాలి కదా.

చిక్కేమిటంటే, పడుగు అయిపోదు. పాతది చివరికి రాగానే, కొత్తదాని పోగుల్ని దాని పోగులకు ఒక్కొక్కటిగా అతికేస్తారు. పుట్టినప్పటినుంచి చూస్తున్నదే; ఓనరు కళ్లతో చూడటం అదే మొదలు. ఏడాదిలో నేను చూసిన "చివరి పడుగులు" అన్నీ ఇన్నీ కావు. గచ్చును గురించి విని ఇల్లు కావాలన్న రైల్వే గుమాస్తా ఎదురుచూసి చూసి వేరే ఇంట్లో చేరిపోయాడు.

ఇక లాభం లేదని, పడుగు చివరికొచ్చే రోజు కనుక్కున్నాను. కొత్తది అతకకముందే మామను పట్టుకోవాలి. పెద్దమనిషిగా రమ్మని తిరుత్తణిలో మా నాయనకు కబురు పెట్టి, ఆదివారం ఉదయమే వెళ్లాను. నాయన నాకన్నా ముందే వచ్చాడు. మగ్గం దగ్గర కూర్చుని, పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, శ్రద్ధగా పోగులు అతుకుతున్నాడు.

"నాయనా! నేను నిన్ను పిలిచిందెందుకు?"

"అరవొద్దురా, పోగు తప్పుతుంది. గుంత ఎంత బాగా తవ్వినాడో చూసినావా? నాకు కండ్లు ఆనడంలే. ఒరే ఆఫీసరూ, నువ్వు ఆ పక్క కూర్చో."

"ఇది నా ఇల్లు!"

"ఎవురు కాదన్నారు? కూర్చో."

"పిల్ల ట్రైనింగు అయ్యేదాకానే అల్లుడూ" అంటూ మామ బూడిద చిప్ప నా ముందుకు జరిపాడు.

కోపంగా కూర్చున్నాను. కోపంగానే మధ్యాహ్నందాకా అతికాను. నా ఇంట్లో నా అద్దెదారు గడువును నా చేత్తోనే, పోగుపోగుగా పొడిగించాను. "పరవాయిల్లే, చెయ్యి మరిచిపోలా" అన్నాడు నాయన. డిగ్రీ వచ్చినప్పుడు కూడా ఆయన గొంతు అలా పలకలేదు.

కూతురికి ట్రైనింగు అయ్యి ఉద్యోగం రాగానే మామ మాట ప్రకారం ఖాళీ చేశాడు. గుంత పూడ్చి గచ్చు కూడా వేయించాడు. రంగు కలవలేదు. ముందుగదిలో ఆ చదరం ఇప్పటికీ వేరుగా కనిపిస్తుంది. దాన్ని చూసినప్పుడల్లా, ముఖం చూసుకోవడానికి గచ్చు చేయించిన ఆ కుర్ర ఓనరు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇల్లు అడగడానికొచ్చిన ప్రతివాణ్ణీ సామాన్లేమిటని ఇప్పటికీ అడుగుతాను. ఫ్రిజ్ అంటారు, టీవీ అంటారు. కొయ్యలని ఇంతవరకు ఒక్కరూ అనలేదు.