నేను ఆర్పిన స్విచ్

ఆ రోజు నా డైరీలో పదమూడు చోట్ల టైము వేసి ఉంది. అందులో ఎనిమిదోది ఇలా ఉంది: "12.50. షెడ్డులో కరెంటు స్విచ్ ఆర్పాను." ఆ ఒక్క వాక్యం వెనక ఒక మనిషి కొలువు పోయేదాకా వచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను జనగామ బస్సు స్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది, ఎందుకు ఆలస్యమైంది అన్నది రాయడమే ఉద్యోగం. డైరీ అంతకు ముందు నుంచే ఉంది. ఉద్యోగం దాన్ని ఇంకా ముదరబెట్టింది. "నేను ఎన్నిసార్లు తుమ్మిన్నో గూడ గా డైరీల ఉంటది" అని మా ఆవిడ అందరి ముందు అంటుంది.

మొన్న చలికాలంలో మా మేనకోడలి గృహప్రవేశానికి భూపాలపల్లి వెళ్ళాం. మర్నాడు ఖాళీ. బస్సు స్టాండు దగ్గర ఒక చిన్న బోర్డు కనిపించింది. టాపు లేని కరెంటు కారులో ఘనపూర్ చెరువు, అడవి, గోదావరి ఒడ్డు చూపిస్తారు, గైడు వెంట ఉంటారు, పొద్దున ఎనిమిదికి పోయి సాయంత్రం ఆరుకు వాపసు అని రాసి ఉంది. మా ఆవిడ బోర్డు ముందే నిలబడిపోయింది.

"సముద్రం చూపిస్త, చూపిస్త అని ఇరవై ఏండ్ల సంది చెప్తున్నవు. గిదన్న చూపియ్యి."

కారు ఒక ఇంటి వెనక పెరట్లో ఉంది. టాపు లేదనేది బోర్డు మాటే. నల్ల గుడ్డ టాపు ఉంది, మీట నొక్కితే మడుచుకుని వెనక్కి వెళ్ళి పడుకుంటుంది. నడిపేదీ, గైడూ ఒక్క మనిషే. ముప్పై లోపు ఆడమనిషి, మరిపెడ దగ్గర తండా నుంచి వచ్చిందట. బండి ఓనరు మా ముందే ఆమెకు చెప్పాల్సింది చెప్పాడు.

"ఆరు గంటలకు బండి గీడ ఉండాలె. ఏడింటికి పెండ్లి బారాత్‌కు మాటిచ్చిన. చార్జి ముప్పై పర్సెంటు కంటే తగ్గొద్దు. పోయినసారి లేటు జేసినవు, ఊకున్న. ఇగ రెండోసారి ఊకోను. చెప్తున్న గద?"

"సమజైంది సార్" అంది ఆమె. నేను డైరీలో 8.05 వేశాను. ఆ ఓనరు గొంతు నాకు కొత్త కాదు. ఎంతోమంది డ్రైవర్లతో నేనూ అదే గొంతుతో మాట్లాడాను.

మొదట ఘనపూర్ వెళ్ళాం. అక్కడి చెరువు గణపసముద్రం నిండుగా ఉంది. కట్ట మీద కారు నిదానంగా పోతుంటే ఒక పక్క నీళ్ళు, ఒక పక్క కింద పొలాలు. ఇంజను చప్పుడు లేకపోవడంతో కొంగలు కూడా లేవలేదు.

"సముద్రం గావాల్నంటివంట గద అవ్వా. గిదే సముద్రం. ఉప్పు మాత్రం మనమే కలుపుకోవాలె" అంది ఆమె.

"నన్ను అవ్వా అంటవేంది? గంత ముసల్దాని లెక్క కొడుతున్ననా?"

"మరి బాపు పక్కన కూసున్నవు. బాపును చూసి లెక్కేసిన."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఊళ్ళోని పాత కోటగుళ్ళలో ఆమె రాతి బొమ్మలను ఒక్కొక్కటి చూపిస్తూ, తెలిసింది చెప్పింది, తెలియనిది తెలియదని చెప్పింది. ఆ పద్ధతి నాకు నచ్చింది. తిరిగి భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం దారి పట్టేటప్పటికి కారు ముందున్న తెర మీద చార్జి ఎనభై. నేను అదీ రాసుకున్నాను. బొగ్గు లారీలు పోయినంతసేపు టాపు మూసింది, కాటారం దాటాక మళ్ళీ తీసింది. అక్కడి నుంచి అడవి. టేకు చెట్ల నీడలు మా ఒళ్ళో నుంచి చారలు చారలుగా వెనక్కి పోతుంటే మా ఆవిడ చెంగు తలకు చుట్టుకుని, పిల్లలాగా మెడ వెనక్కి వాల్చి, పైకే చూస్తూ కూర్చుంది.

దారిలోనే ఆమె సంగతులు తెలిశాయి. పదేళ్ళ వయసు నుంచి ఏటా ఈ రోజుల్లో అమ్మానాన్నలతో మిర్చి ఏరడానికి దూరం పోయేది. బడి అందుకే సాగలేదు. తండ్రి ట్రాక్టరు మీద తోలడం నేర్చుకుంది. ఈ కొలువు దొరికాక భూపాలపల్లిలో ఒక అర్ర కిరాయికి తీసుకుని కూతుర్ని అక్కడి బడిలో వేసింది. నాలుగో తరగతి.

"కొలువు ఉంటే బడి ఉంటది అవ్వా. లేకుంటే మిర్చి చేన్లకే. పిల్లను ఒక్కదాన్నే ఏడ విడిచిపోతం?" అంది. ఫిర్యాదులాగా కాదు, దారి చెబుతున్నట్టుగా చెప్పింది.

కాళేశ్వరం చేరేసరికి పన్నెండున్నర. చార్జి నలభై. నది దగ్గర ఒక చిన్న హోటలు, దాని వెనక రేకుల షెడ్డు. కారును అందులో పెట్టి, లావాటి వైరు ఒకటి కారుకీ గోడకీ కలిపి, స్విచ్ వేసింది. "రెండున్నర గంటలు పెడితే డెబ్బైకి వస్తది. వాపసు పోను నలభై గావాలె" అని నాకు లెక్క చెప్పింది. తెచ్చుకున్న అన్నం దారిలోనే తిన్నాం కాబట్టి, వెంటనే మా ఆవిడను తీసుకుని ఒడ్డుకు దిగింది. రెండు నదులు కలిసే చోట నీళ్ళు రెండు రంగుల్లో ఉంటాయని, నాటు పడవ ఎక్కిస్తానని చెప్పింది. మోకాళ్ళ వల్ల నేను ఇసుకలో దిగలేదు. హోటలు వాళ్ళు షెడ్డు పక్కన నులక మంచం వాల్చారు.

కూర్చోబోతూ షెడ్డులోకి తొంగి చూశాను. వైరు మీద చెయ్యి వేస్తే వేడిగా ఉంది.

మా కాలపు బస్సుల్లో బ్యాటరీ కరెంటు ఆపే స్విచ్ ఒకటి ఉండేది. బండి పది నిమిషాలకు మించి ఆగితే ఆర్పాలి. ఆర్పకుండా చాయ్‌కి పోయిన డ్రైవర్ల వల్ల జనం దిగి బస్సులు నెట్టడం ఎన్నిసార్లు చూశానో. డ్రైవరు కనిపించకపోతే నేనే ఎక్కి ఆర్పేవాణ్ణి. తరవాత అతని మీద రాసేవాణ్ణి. ఆగి ఉన్న బండి, పక్కన మనిషి లేడు, కరెంటు పారుతోంది, వైరు కాలుతోంది. ఇంతకంటే నాకు ఆలోచన అక్కర్లేకపోయింది. స్విచ్ ఆర్పాను. పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి మళ్ళీ వేద్దామనుకున్నాను. మరిచిపోకూడదనే టైము రాసుకున్నాను. మంచం మీద నడుం వాల్చాను.

తొమ్మిదో టైము 3.10. మా ఆవిడ నవ్వుకు మెలకువ వచ్చింది. చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి. "రెండు రంగులే నీళ్ళు. ఒక్క తీరుగ లేవు. నువ్వు రాకపోతివి" అంటూ ఏదో చెబుతోంది. ఆమె వెనక నుంచి డ్రైవరమ్మ షెడ్డులోకి వెళ్ళింది. చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

నేను లేచి వెళ్ళాను. తెర మీద నలభై ఒకటి. ఆమె గోడ దగ్గర నిలబడి స్విచ్ వంక చూస్తోంది.

"ఎయ్యలేదా నేను?" అని తనను తనే అడుగుతోంది. "ఏసిన్నే... ఏసిన్నని అనుకుంటున్న."

నోరు తెరిచాను. అదే సమయానికి ఆమె ఫోను మోగింది. బండి ఎక్కడుందో ఓనరుకు తన ఫోనులో కనిపిస్తుందట, చార్జి కూడా. ఆయన గొంతు నాదాకా వినబడింది.

"నలభై ఒకటేంది? పెట్టలేదా?"

"స్విచ్ పడలేదు సార్. చూసుకోలే."

"చూసుకోలేవా? కండ్లు ఏడ వెట్టినవు? ఇగ ఆగకు, ఎల్లు. ఆరింటికి బండి గీడ లేకుంటే నీ దారి నీది, నా దారి నాది."

నాకు చెప్పడానికి అక్కడే చోటుంది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయడం కష్టం. ముప్పై ఏళ్ళకు పైగా ఆలస్యాలకు కారణాలు రాసినవాణ్ణి. డ్రైవరు అజాగ్రత్త అని ఎన్నిసార్లు రాశానో. ఆ గడిలో నా పేరు ఒక్కసారీ రాయలేదు. ఆ రోజు నోరు రాలేదు, అంతే. మా ఆవిడ తడి చీరతో వెనక సీటంతా పరుచుకుంటే, నేను ముందు సీటులో కూర్చున్నాను.

ఈసారి డ్రైవరమ్మ టాపు మూసింది. గాలికి బండి బరువెక్కుతుందని చెప్పింది. ఇరవై ఐదు కంటే ఎక్కువ వేగం పోనియ్యలేదు. వచ్చేటప్పుడు చెట్టు చెట్టుకీ ఒక మాట చెప్పినది, ఇప్పుడు తెర వంకా రోడ్డు వంకా తప్ప చూడటం లేదు. మహదేవపూర్ దాటేటప్పటికి ముప్పై మూడు. ముందు సీటులో ఉన్న నాకు ఆ అంకె తప్ప ఏమీ కనిపించడం లేదు. చిన్న ఎత్తు వచ్చినా ఒక అంకె పడిపోయేది. ముప్పై. ఇరవై ఎనిమిది. దారి పొడుగునా చార్జి పెట్టుకునే చోటు లేదని ఆమె పొద్దున్నే చెప్పింది.

అడవి మధ్యలో బండి పక్కకు ఆపి ఫోను చేసింది. వాళ్ళ భాషలో మాట్లాడింది. నాకు అర్థమైంది బడి అన్న మాట ఒక్కటే, అది రెండుసార్లు వచ్చింది.

"ఎవలు బిడ్డా?" మా ఆవిడ అడిగింది.

"నా బిడ్డనే అవ్వా. లేటయితది, పక్కింట్ల తిను అని చెప్పిన."

"కొలువు తీసేస్తడా నిజంగ?"

"తీసేస్తడు. ఆయన తప్పేముంది? బారాత్‌కు మాటిచ్చిండు. స్విచ్ ఎయ్యనిది నేనేనాయె."

ఇంక నా వల్ల కాలేదు.

"స్విచ్ నువ్వు వేసినవు బిడ్డా. ఆర్పింది నేను."

మా ఆవిడ ముందుకు వంగింది. "ఏందీ?"

డ్రైవరమ్మ నా వైపు తిరగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. "ఎప్పుడు బాపు?"

"పన్నెండు యాభైకి."

టైము చెప్పగానే ఆమె ముఖం మీదికి నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. అది నవ్వు కాదు.

"వైరు కాలుతుండె. చల్లారినంక మళ్ళ వేద్దామనుకున్న. నిద్ర పట్టింది."

"వైరు కాలుతది బాపు. ఎప్పుడైనా కాలుతది. నువ్వు ఆడనే చెప్తే, గీయన ఆర్పిండు సార్ అని ఓనరుతోని అనేదాన్ని. గంటసేపు ఆగమనేటోడేమో. ఇప్పుడు అడవిల జెప్తే నేనేం జేసుకోవాలె?"

మా ఆవిడ వెనక్కి ఆనుకుని ముఖం పక్కకు తిప్పుకుంది. అది తిట్టు కంటే ఎక్కువైంది.

బండి కదిలింది. దిగుడు వచ్చినప్పుడు కాలు తీసి బండిని దానంతట అది పోనియ్యమని నేను చెప్పబోయాను.

"జర సప్పుడు జేయకుండ కూసో బాపు" అంది. కూర్చున్నాను.

కాటారం దగ్గర ఇరవై రెండు. బొగ్గు లారీల వెనక పడ్డాక ఆమె పెద్ద లారీ నీడలో, దాన్ని దాటకుండా, అదే వేగంతో పోవడం మొదలుపెట్టింది. ముందు గాలి తగలకపోతే చార్జి నిలుస్తుందట. నల్లటి దుమ్ము అద్దం నిండా పడుతున్నా దాటలేదు. పద్నాలుగు. పదకొండు. ఎనిమిదికి తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. మా ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. ఊరి దీపాలు కనిపించేసరికి నాలుగు. పెరట్లో ఆగేసరికి మూడు. టైము 6.25.

ఓనరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమె దిగకముందే నేను దిగాను. తప్పు నాదని చెప్పాను. ఆయన నమ్మలేదు.

"ఆడమనిషి కొలువు పోతదని మీరు మీదేసుకుంటున్నరు సార్. పెద్దమనుషులు గట్లనే అంటరు."

డైరీ తీసి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. ఆయన దీపం కిందికి వెళ్ళి, ఎనిమిదో టైము చదివి, తరవాత తొమ్మిదోది చదివాడు. మధ్యలో ఏమీ లేదని వేలు పెట్టి చూపించాను.

"గిది ఎవలన్న రాసుకుంటరా సార్?" అన్నాడు చివరికి.

"ఆయన రాస్తడు" అంది మా ఆవిడ వెనక నుంచి. "నాకు జరం వచ్చినా మందు ఇచ్చే ముందు టైము రాస్తడు. అబద్ధం రాసుడు ఆయనకు రాదు. చెప్పుడే ఆలస్యం."

ఓనరు డైరీ నా చేతికిచ్చి గడియారం చూసుకున్నాడు. బారాత్ వాళ్ళకు ఫోను చేశాడు. అవతల బ్యాండు వాళ్ళే ఇంకా రాలేదట. "గంటన్నర పడుతదా? మంచిగైంది" అని పెట్టేశాడు. ఆమె వైపు తిరిగాడు.

"చార్జి పెట్టు. బారాత్‌కు నువ్వే తోలు. రేపు పొద్దుగాల ఘనపూర్‌కు ఇంకో జంట ఉన్నది."

ఆమె సమజైంది సార్ అంది, పొద్దున అన్నట్టే. వైరు తెచ్చి కారుకు కలిపింది. నేను దగ్గరికి వెళ్ళాను. ఆమే అడిగింది.

"నేను నా బిడ్డతోని ఫోన్ల మాట్లాడకపోతే చెప్పకపోదువా బాపు?"

చెప్పేవాణ్ణని అనాలనిపించింది. డైరీ చేతిలో ఉంది.

"తెల్వదు బిడ్డా" అన్నాను.

ఆమె తల ఊపింది. కోపం పోలేదు, కానీ అబద్ధం చెప్పలేదని గుర్తించినట్టుంది. స్విచ్ వేసింది. మా బస్సుకు టైమైందని మా ఆవిడ గేటు దగ్గర నుంచి పిలిచింది. నేను వెళ్ళేదాకా ఆమె ఆ స్విచ్ పక్క నుంచి కదల్లేదు.