పక్క కుర్చీ బావ

బొబ్బిలి శివార్లలో ఓ మిల్లు ఆఫీసులో గణపతిరావు, మోహనకృష్ణ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబట్టి పదకొండేళ్లయింది. మధ్యాహ్నం కాగానే మోహనకృష్ణ "బావా, ఏటి కూర?" అంటూ చెయ్యి కడుక్కోకుండానే గణపతిరావు క్యారియర్లో వేళ్లు పెడతాడు. చేపముక్క నమిలి, ముళ్లు మూతలోనే ఉమ్ముతాడు. తిన్నాక వేళ్లు ఒక్కొక్కటే చప్పరించి, ఆ తడిచేత్తోనే గణపతిరావు భుజం తడతాడు. రోతగా ఉన్నా గణపతిరావు పైకి నవ్వేవాడు. స్నేహితుడన్నాక ఆమాత్రం చనువు ఉంటుందనుకునేవాడు.

మొన్న వర్షాకాలంలో పేగు ఆపరేషనై, విజయనగరం ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాడు. చిన్నప్పుడు కలిసి గేదెలు కాసిన నూకయ్య, ఈ కబురు తెలిసి రెండు బస్సులు మారి వచ్చి, మంచం పక్కనే ఉండిపోయాడు. మోహనకృష్ణ మాత్రం రాలేదు. తలుపు చప్పుడైతే చాలు, గణపతిరావు తలెత్తి చూసేవాడు. చివరికో పొద్దున ఫోన్ మోగింది. "మా బావ సేస్తన్నాడురా!" అని సంబరంగా నూకయ్యకు చూపించి ఎత్తాడు.

"బావా, నీ బీరువా తాళం ఏటి సేసినావు? మేనేజరు పీక్కుతింతన్నాడు. నీ సీటు నాకిచ్చీసినార్లే. ఫ్యాను కింద సల్లగున్నాది."

"సొరుగులో ఉన్నాది."

"సరే." ఫోన్ పెట్టేశాడు. ఎలా ఉన్నావని ఒక్క మాట లేదు.

గణపతిరావుకు నోరంతా చేదయింది. కడుపులోంచి ఒక్కసారిగా ఎగదన్నుకొచ్చింది. నూకయ్య గిన్నె కోసం వెతకలేదు, గబుక్కున రెండు చేతులూ దోసిలి పట్టాడు.

"కక్కీరా. మొత్తం కక్కీ."