చుక్కల నేస్తానికి సీటు

సింహాసనం కోసం జరిగిన ఒక మహాయుద్ధం గురించి చెబుతాను. సింహాసనమంటే నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో ఒక సీటు. యుద్ధం కూడా జరగలేదు.

ఎనభైల మొదట్లో మాట. నా ముందు సీట్లో కిటికీ పక్కన ఒక తల్లి, ఆమె పక్కన ఐదేళ్ల కూతురు, ఆ పక్క ఖాళీలో పరిచిన చేతిరుమాలు. కిటికీలోంచి రుమాలు వేసినవాళ్లదే సీటు అన్నది మా సీమ రాజ్యాంగం. బస్సు కదిలినా రుమాలు తాలూకు మనిషి రాలేదు.

"ఎవురికి పాపా ఇది?" అన్నాడు కండక్టరు.

"నా సావాసగానికి. ఈడే కూసోనుండాడు, నీకు కనపడడు" అంటూ పాప ఒళ్లోని బొమ్మల పుస్తకం చూపించింది. అందులో ఒక పిల్లవాని పక్కన, వాడికి మాత్రమే కనిపించే నేస్తాన్ని ఉత్త చుక్కలతో గీశారు.

"కనపడనోడు నిలబడితే మాత్రం ఎవురికి అడ్డం? తీయ్ రుమాలు!"

పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో, బేతంచెర్ల బండల దుమ్ముతో తలంతా తెల్లబడిన ఒకాయన ముందుకొచ్చి ఖాళీ వైపు వంగాడు.

"రవ్వంత జరుగప్పా."

ఒక క్షణం ఆగి, రుమాలు ముట్టుకోకుండా సీటు అంచున కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా "నలిగినావా ఏంది?" అని అడిగేవాడు. "లేదంట" అని పాప జవాబిచ్చేది. ఆళ్లగడ్డ దాకా ఆయన సగం సీటు బయటే వేలాడాడు. దిగేటప్పుడు "వస్తానప్పా" అని ఖాళీకే చెప్పాడు.

అంత మర్యాద నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు. ఇప్పటికీ ఖాళీ సీటు కనిపిస్తే ఒక క్షణం ఆగే కూర్చుంటాను.

పాప రుమాలు తీసుకుని దిగాక చూస్తే, దాని కింద రెక్సిన్ చినిగి, స్ప్రింగు పైకి పొడుచుకొచ్చి ఉంది.