కలుపు టికెట్

రైలు లేని ఊళ్లో పుట్టినవాళ్లకు రైలు గురించి ఎవరేం చెప్పినా నమ్మబుద్ధేస్తుంది. ఆ రోజుల్లో మా సూర్యాపేటకు రైలు లేదు, కోదాడకూ లేదు (ఇప్పటికీ లేదనుకోండి, అది వేరే ఏడుపు). రైలెక్కాలన్నా దిగాలన్నా మిర్యాలగూడకు పోవాల్సిందే. కాబట్టి రైలు సంగతులన్నీ మాకు బస్టాండు పక్క చాయ్ హోటల్లోనే తెలిసేవి. అక్కడే మా బావ ఒకరోజు ఒక గొప్ప రహస్యం సంపాదించాడు. బావ అంటే అక్క మొగుడు. జేబులోంచి పైసా తీయాల్సి వస్తే ఆయనకు ఒళ్లంతా దద్దుర్లొచ్చేవి. చాయ్ కూడా ఎవరైనా తాగిస్తేనే తాగేవాడు గనక ఆ రహస్యమూ ఉచితంగానే దొరికింది.

అప్పుడు నాకు సికింద్రాబాదులో ఒక మందుల గోదాములో కొత్త ఉద్యోగం. కోదాడలో ఒక సంబంధం చూశారు. పిల్ల ఫోటో చూసిన దగ్గర్నుంచి గోదాములో పెట్టెలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా తప్పుతున్నాయి. పిల్ల తండ్రి బడిపంతులు, మహా ఖచ్చితమైన మనిషి. పెళ్లిచూపులకు మధ్యాహ్నం వర్జ్యం మొదలయ్యేలోపు రావాలనీ, రాకపోతే ఇంకో సంబంధం వాళ్లు కాచుకుని ఉన్నారనీ ముందే కబురు పెట్టాడు. నన్ను తీసుకుపోవడానికి ముందురోజే దిగిన బావతో, కోదాడకు నేరుగా బస్సుంది కదా అన్నాను. ఆయన నన్ను చూసి జాలిపడ్డాడు.

"బస్సుకు గన్ని పైసలెందుకు వోస్తవ్ బామ్మర్దీ? ప్యాసింజర్ బండికి మిర్యాలగూడ టికెట్ తీస్తం. గదే టికెట్ బస్సుల సూపిస్తే కోదాడ దాంక ఒక్క పైస అడగరు. దాన్ని కలుపు టికెట్ అంటరు. రైలూ బస్సూ కలిపిన్రన్నట్టు."

"నీకెవరు చెప్పిన్రు బావా?"

"తెలిసినోళ్లే. పట్నంల ఉండి నీకు గిది గూడ తెల్వదా?"

అక్కడే పడ్డాను. పట్నంలో ఉంటూ తెలియదని ఎలా ఒప్పుకుంటాం? "విన్న, విన్న" అన్నాను.

మా ప్యాసింజర్ బండి ఆగమన్నచోటా, ఆగమననిచోటా ఆగుతూ, మిర్యాలగూడ చేరేసరికి ఎండ నడినెత్తి మీదికి వస్తోంది. గేటు దగ్గర టికెట్ కలెక్టర్ నిలబడి, దిగినవాళ్ల దగ్గర టికెట్లన్నీ తీసేసుకుంటున్నాడు (అప్పుడవి చిన్న అట్టముక్కలు, ఊరు చేరాక గేటు దగ్గర ఇచ్చెయ్యాలి). బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గాయనకిస్తే బస్సుల ఏం సూపిస్తం? నడువ్, అటు దిక్కు గోడ దూకుదాం."

పెళ్లిచూపులకని కుట్టించుకున్న కొత్త ప్యాంటుతో నేను గోడెక్కాను. బావ అప్పటికే అవతల దూకేశాడు. నేను గోడ మీద అటూ ఇటూ కాకుండా ఉన్నప్పుడు ఎవరో నా కాలు పట్టుకున్నారు. చూస్తే టికెట్ కలెక్టర్!

"టికెట్ లేకుంట ఉరుకుతున్నవా?"

"ఉన్నది సార్! రెండున్నయ్!" అని జేబులోంచి తీసిచ్చాను. ఆయన వాటిని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"టికెట్ లేక గోడ దూకెటోళ్లను రోజూ సూస్త. టికెట్ పెట్టుకొని దూకెటోళ్లను మిమ్మల్నే సూస్తున్న. ఏమైందయ్యా మీకు?"

గోడ అవతలి నుంచి బావ తల మాత్రం పైకి లేచింది. "సార్, జర దయ సూడుండ్రి. బస్సుకు గావాలె. ఒక్కటన్న ఇయ్యుండ్రి, ఇద్దరం సర్దుకుంటం."

కలుపు టికెట్ సంగతంతా విని ఆయన కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. "పట్టుకపో, ఆ కండక్టర్ను గూడ జర నవ్వుకోనియ్" అని ఒకటి తిరిగిచ్చాడు.

కానీ కండక్టర్ నవ్వలేదు. హుజూర్‌నగర్ దారిలో బస్సు కాస్త దూరం పోయాక మా దగ్గరికొచ్చి, "గిది రైలు టికెట్" అన్నాడు. "గందుకే కలుపు టికెట్ అంటరు" అన్నాడు బావ, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "మా పొలంల కలుపును పీకి గట్టు మీద ఏస్తం" అని కండక్టర్ విజిల్ ఊదాడు. నా దగ్గర పైసలున్నాయి, టికెట్ తీస్తానంటే బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "న్యాయం మన దిక్కున్నది. దిగు." న్యాయంతో సహా ముగ్గురం రోడ్డు మీద దిగాం.

ఎంతసేపటికో ఒక తవుడు లారీ దొరికింది. ముందు చోటు లేక బస్తాల మీద కూర్చున్నాం. గాలికి లేచిన తవుడు మా చెమట మీద చక్కగా అంటుకుంది. (డ్రైవర్ తీసుకున్న కిరాయి బస్సు టికెట్ కంటే ఎక్కువే. బావ ఈ ముక్క మాత్రం బతికినంతకాలం ఎవరికీ చెప్పలేదు.)

కోదాడలో పంతులుగారు గుమ్మంలోనే ఉన్నారు. మా వైపు చూశారు, చేతి గడియారం వైపు చూశారు. "ఇదేనాండీ రావడం? వర్జ్యం వచ్చేసింది. సాయంత్రం వేరేవాళ్లు వస్తున్నారు" అన్నారు. ఫోటోలోని పిల్ల ఇక నాకు కాదని అర్థమై నిజంగానే ఏడుపొచ్చింది. ఏడిస్తే ముఖం మీది తవుడు ముద్దవుతుందని ఆపుకున్నాను. బావ మాత్రం కుర్చీలో కూలబడి, చాయ్ హోటల్ మొదలు లారీ దాకా యుద్ధం గెలిచొచ్చినట్టు చెప్పుకొచ్చాడు. పంతులుగారు కదలకుండా విన్నారు. తర్వాత అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరకు జరుపుకుని, గొంతు తగ్గించారు.

"ఆ కలుపు టికెట్టు... విజయవాడ వైపు కూడా ఇస్తారంటారా?"

తలుపు కర్టెన్ వెనక ఫక్కున నవ్వు వినిపించింది. ఎంతకూ ఆగని నవ్వు. అది విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. పొదుపు తెలిసిన కుటుంబమని పంతులుగారు ముచ్చటపడి, సాయంత్రం వాళ్లను రావద్దని కబురు పంపారు.

బావ ఇప్పుడు లేడు. ఉంటే ఎంత బాగుండేదో అని రైలెక్కిన ప్రతిసారీ అనుకుంటాను. మొన్నామధ్య మా ఆవిడతో కలిసి మిర్యాలగూడలో దిగాను. టికెట్ ఫోన్లో ఉంది. గేటు దగ్గర అడిగే మనిషే లేడు. ఫోను చేతిలో పట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని ఊరికే నిలబడ్డాను. మా ఆవిడ నన్ను చూసి, కర్టెన్ వెనకటి నవ్వే నవ్వింది.

"ఏంటి, గోడ దూకుదామా?"

నేను నిజంగానే గోడ వైపు చూశాను. ఎత్తు పెంచారు. నా మోకాళ్లకూ దానికీ సంబంధం లేదు, నిజంగానే పెంచారు.